తొమ్మిది వారాల బడి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో ఇన్నేళ్లున్నావు కదా, ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. వీసాలు, ఉద్యోగాలు మాత్రం వద్దు, అవి వినీ వినీ విసుగొచ్చింది" అన్నారు. ఇది బడి పండగ కాబట్టి, నేనుండే చోట నేను దగ్గర నుంచి చూసిన ఒక బడి గురించి చెబుతాను. అందులో పిల్లలకు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు. చదువు కొందరికి మూడు వారాలు, కొందరికి ఆరు, కష్టమైన భాష పడ్డవాళ్లకు తొమ్మిది. పరీక్షలు, మార్కులు, ర్యాంకులు లేవు. బయటికొచ్చాక జీతం కూడా లేదు.

నేను ఉండేది యూటా రాష్ట్రంలో, ఒరెమ్ అనే ఊళ్లో. పక్క ఊరు ప్రోవో. అక్కడ బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీని ఆనుకుని మిషనరీ ట్రైనింగ్ సెంటర్ ఉంది. అందరూ ఎం.టి.సి. అంటారు. మార్మన్లని మనం పిలిచే వాళ్ల మత ప్రచారకులు అక్కడ శిక్షణ పొందుతారు. వాళ్ల సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. మార్మన్లు అనకుండా పూర్తి పేరుతో పిలవమని 2018లో వాళ్ల అధ్యక్షుడు కోరారు. పేరు పొడుగు కాబట్టి ఈ పూటకు నన్ను క్షమిస్తారనుకుంటున్నాను. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం అది. బైబిల్‌తో పాటు బుక్ ఆఫ్ మార్మన్ కూడా వాళ్లకు పవిత్ర గ్రంథం. టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టరు. మొదట్లో మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అలవాటుగా టీ పెట్టేది, వాళ్లు మొహమాటంగా వద్దనేవాళ్లు. ఇప్పుడు మజ్జిగ ఇస్తుంది. రెండో గ్లాసు అడిగి మరీ తాగుతారు.

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరు పలక పెట్టుకుని జంటగా నడిచే కుర్రాళ్లను హైదరాబాదులోనో విశాఖలోనో మీలో కొందరు చూసే ఉంటారు. ఈ సంఘానికి మన తెలుగువాళ్లతో ఉన్న సంబంధం ఇప్పటిది కాదు. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ అక్కడ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ, 1978లో మిషనరీలుగా హైదరాబాదు వచ్చి సొంత బంధువులకే మొదట బోధించారు. మన దేశంలో వాళ్ల మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇంటింటికీ తిరిగి మతం మార్చుకోమని అడగడం మీద నాకు అభ్యంతరాలున్నాయి. నేను పొద్దున్నే దీపం పెట్టుకునేవాణ్ణి, ఇప్పటికీ అదే అలవాటు. ఆ వాదన ఇక్కడ పెట్టుకోను. నేను చెప్పబోయేది ఒక కుర్రవాడి గురించి. పేరు చెప్పను. ఈ సంగతులు చెప్పడానికి అతనూ వాళ్లమ్మా ఒప్పుకున్నారు, పేర్లు వద్దన్నారు.

అతను మా పక్కింటి అబ్బాయి. హైస్కూల్లో ఉండగా లెక్కలు చెప్పించుకోవడానికి వారానికి రెండు రోజులు మా ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో వీధిలో అందరి పచ్చిక కోసేవాడు, సాయంత్రం హాంబర్గర్ల దుకాణంలో పనిచేసేవాడు. డబ్బెందుకురా అంటే మిషన్‌కి అనేవాడు. మగపిల్లలకు మిషన్ రెండేళ్లు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. జీతం ఇవ్వరు సరే, ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలి. అప్పట్లో అమెరికా కుటుంబాలకు నెలకు 400 డాలర్లు. 2020 నుంచి 500 చేశారు. రెండేళ్లకు 9,600 డాలర్లు. అందులో సగానికి పైగా ఆ కుర్రాడు గడ్డి కోసి కూడబెట్టాడు.

2012 అక్టోబరుకు ముందైతే అబ్బాయిలు పంతొమ్మిదేళ్లకు గాని వెళ్లేవాళ్లు కాదు, అమ్మాయిలు ఇరవై ఒకటికి. ఆ నెల్లో ఆ వయసుల్ని పద్దెనిమిదికీ పంతొమ్మిదికీ తగ్గించారు. దాంతో 58 వేల చిల్లర ఉన్న మిషనరీల సంఖ్య ఏడాదిన్నర తిరక్కముందే 80 వేలు దాటింది. అంటే హైస్కూలు గడప దిగి నేరుగా వెళ్లిపోవడం మొదలైంది. మా వాడు 2015లో అలాగే వెళ్లాడు.

ఎక్కడికి వెళ్లాలో వాళ్లు ఎంచుకోకూడదు. దరఖాస్తు పెడితే పైనుంచి ఉత్తరం వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లో వస్తోంది గాని అప్పుడు పెద్ద తెల్ల కవరు వచ్చేది. చుట్టాలందరినీ పిలిచి, మధ్యలో నిలబడి చించి చదవాలి. మమ్మల్నీ పిలిచారు. తైవాన్, చైనీస్ భాష అని ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లమ్మ కూడా కొట్టింది గాని ఆమె చూపు పెద్దకొడుకు మీద ఉంది.

ఆ పెద్దవాడి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అతను అంతకు మూడేళ్ల ముందు బ్రెజిల్ వెళ్లి నాలుగో నెలలో తిరిగొచ్చేశాడు. నిద్ర పట్టక, అన్నం సహించక, ఊపిరాడనట్టయ్యేది. డాక్టర్లు పంపించేశారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఊళ్లో రెండేళ్లు పూర్తి చేసి వచ్చినవాడికి స్వాగత తోరణాలు కడతారు, మధ్యలో వచ్చినవాడిని ఎలా పలకరించాలో ఎవరికీ తెలియదు. చర్చిలో "బాగున్నావా" అని అడిగి జవాబు వినకుండానే పక్కకు తిరిగేవాళ్లట. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఇంటర్‌లో తప్పిన పిల్లాడు పెళ్లికి వస్తే మన చుట్టాలు ఎలా చూస్తారో అలాగే.

అందువల్ల రెండోవాడు బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ భయం అందరి తల్లుల భయం లాంటిది కాదు. కొడుకు భక్తి పోతుందేమోనని కాదు. ఇంటికి రావాలనిపించినా అన్నను చూసి సిగ్గుతో రాకుండా ఉండిపోతాడేమోనని. ఎం.టి.సి. గేటు లోపల పిల్లల్ని దించడానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. కారు ఆగగానే ముందే చేరిన ఒక కుర్రాడు వచ్చి పెట్టెలు అందుకుంటాడు, వాటేసుకోవాలి, వెళ్లిపోవాలి. వెనక ఇంకో కారు నిలబడి ఉంటుంది. ఆ కాస్త సమయంలో ఆమె కొడుకుతో అన్నది ఇదట: "రావాలనిపిస్తే రా. ముందు నాకు చెప్పు. వీధికి తర్వాత చెప్పుకుందాం."

లోపల దినచర్య మన హాస్టల్ పిల్లలకు కొత్తగా అనిపించదు. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపాలార్పాలి. మధ్యలో క్లాసులు, సొంత చదువు, జంటగా చదువు, ప్రార్థన, ఓ గంటకు తక్కువగా ఆటలు. బాస్కెట్‌బాల్ ఆడి కాలి మడమ బెణికించుకోని బ్యాచి ఉండదంటారు. సినిమాలు లేవు, పేపర్లు లేవు, బయటికి వెళ్లడం లేదు. వారానికి ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికి, క్షౌరానికి, ఇంటికి ఈ-మెయిల్ రాయడానికి. ఫోన్లు క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ మాత్రమే. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి మాట్లాడుకోనిస్తున్నారు, మంచి పని చేశారు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. ఆ రెండు పూటల తిండి ఖర్చు పేదవాళ్లకు ఇవ్వాలన్నది వాళ్ల నియమం. మన ఏకాదశికి ఈ రెండో సగం కూడా తగిలిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అక్కడ అబ్బాయిని పేరుతో పిలవరు. ఇంటిపేరుకు ముందు ఎల్డర్ అని చేర్చి పిలుస్తారు. అంటే పెద్ద అని. మీసాలు కూడా సరిగా రాని పిల్లాణ్ణి నడవాలో ఎదురైనవాళ్లందరూ పెద్దా, పెద్దా అని పిలుస్తుంటే మొదటి వారం నవ్వొచ్చేదని రాశాడు. మూడో వారానికి నవ్వు పోయి భయం వచ్చిందట.

అన్నింటికన్నా కష్టం జోడీ. ఒక్క క్షణం ఒంటరిగా ఉండకూడదు. ఎవరు జోడీ అన్నది మనం ఎంచుకోం. వీడికి పడ్డవాడు ఐడహోలో బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. చైనీస్‌లో ఒకే అక్షరాన్ని నాలుగు స్వరాల్లో పలికితే నాలుగు అర్థాలు. 'మా' అంటే ఒక స్వరంలో అమ్మ, ఇంకోదాంట్లో గుర్రం, మరోదాంట్లో తిట్టడం. ఆ రైతు కొడుక్కి ఈ తేడా చెవికి ఆనేది కాదు. మా వాడికి ఇట్టే పట్టుబడింది. జంటగానే పాఠం చెప్పాలి కాబట్టి ఒకడు పరుగెత్తుతుంటే ఇంకొకడు ఈడ్చుకొచ్చేవాడు. రెండో వారం ఉత్తరమంతా జోడీ మీద ఫిర్యాదే. మూడో వారం ఉత్తరంలో, ఆ అబ్బాయి రాత్రిళ్లు పై మంచం మీద దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాడనీ, వినబడనట్టు నటించాలో పలకరించాలో తెలియడం లేదనీ ఉంది. నాలుగో వారం ఉత్తరంలో, పలకరించానని మాత్రం ఉంది.

ఇప్పుడు మా మాస్టార్లు కాస్త ఓపిక పట్టాలి. ఇంజినీరుగా నాకు ఆ బడిలో నచ్చింది భాష నేర్పే పద్ధతి. ప్రోవోలో మిషనరీలకు భాషలు నేర్పడం 1961లో మొదలైంది, ఇప్పుడున్న ఆవరణ 1976లో తెరిచారు. యాభైకి పైగా భాషలు నేర్పుతున్నారు. పాఠం చెప్పేది ప్రొఫెసర్లు కాదు. ఆ దేశంలో రెండేళ్లుండి తిరిగొచ్చి, పక్కనే యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రవాళ్లు, సాయంత్రం ఖాళీలో. వ్యాకరణం పూర్తయ్యాక మాట్లాడదాం అనే మాటే లేదు. మొదట నేర్పేది ఆ భాషలో ప్రార్థన చేయడం. మొదటి వారంలోనే ఆ టీచరు తైవాన్‌లో ఇల్లున్న ఒక మనిషిలా నటిస్తూ తలుపు తీస్తాడు. వీళ్లు లోపలికెళ్లి, వచ్చిన నలభై మాటలతో అతనికి తమ మతం గురించి చెప్పాలి. తప్పులు రాకుండా ఎలా ఉంటాయి? మర్నాడు మళ్లీ వెళ్లాలి. అదే మనిషి, నిన్న అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతాడు.

మనం ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్లు ఇంగ్లీషు చదివాం. యాక్టివ్ వాయిస్ ఇస్తే నిద్రలో కూడా ప్యాసివ్ వాయిస్‌లోకి మార్చేవాళ్లం. ఇంజినీరింగ్‌లో చేరాక హాస్టల్ మెస్‌లో ఇంకో సాంబారు కావాలని ఇంగ్లీషులో అడగలేక లేచి వచ్చేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, నా పక్క బెంచీవాడు కూడా ఉన్నాడు. మాస్టార్లది తప్పు అనడం లేదు. యాభై ఐదు మందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఎవరితో ఏం మాట్లాడిస్తారు? అక్కడ ఒక క్లాసుకు పది, పన్నెండు మంది. ఆ తేడా పద్ధతిది కాదు, డబ్బుది.

అసలు విషయానికి వస్తాను. అయిదో వారంలో ఆ అబ్బాయి నాకే విడిగా ఒక ఉత్తరం రాశాడు, కాగితం మీద. సారాంశం ఇది. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఇంగ్లీషులో ప్రార్థన చేస్తున్నాడు. నోరు దానంతటదే తిరిగిపోయేది, మనసు ఎక్కడో ఉండేది. ఇక్కడ చైనీస్‌లో చేయాలి. థియన్‌ఫూ అంటే పరలోక తండ్రి, అది వచ్చు. ఆ తర్వాత ఏమనాలన్నా ఒక్కొక్క మాట వెతుక్కోవాలి. వెతుక్కునేటప్పుడు, అసలు నేను ఏం అడగాలనుకుంటున్నాను అన్న ప్రశ్న మొదటిసారి వచ్చింది. ఒక రాత్రి ధన్యవాదాలు అని, అమ్మ, అన్న అని, ఆగిపోయాడట. మాటలు లేక కాదు. "మీరు పొద్దున సంస్కృతంలో చదువుతారు కదా, మీకు దాని అర్థం తెలుసా? తెలియకపోతే అది ఎవరికి చేరుతుంది?" అని అడిగాడు.

ఇరవై ఏళ్లుగా ఆ దేశంలో నన్ను గ్రీన్ కార్డు గురించి అడిగినవాళ్లున్నారు, కూర గురించి అడిగినవాళ్లున్నారు. ఇది అడిగినవాడు వాడొక్కడే. రెండు రోజులు ఆలోచించి జవాబు రాశాను. విష్ణు సహస్రనామంలో సగం పేర్లకు నాకు అర్థం తెలియదు, ఆ లయలో మా నాన్న గొంతు వినిపిస్తుంది, ఎవరికి చేరుతుందో తెలియదు గాని చదవడం మానలేదు, అని. నా జవాబు వాడికేమైనా పనికొచ్చిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆరో వారంలో అసలు కష్టం వచ్చింది. వాళ్లలో సాక్ష్యం చెప్పడం అని ఉంది. ఇది నిజమని నాకు తెలుసు, అని నలుగురి ముందు అనాలి. నమ్ముతున్నాను అనడం ఒక మెట్టు, తెలుసు అనడం ఇంకో మెట్టు. ఇంగ్లీషులో ఆ మాట వాడు వెయ్యిసార్లు అనేశాడు. చైనీస్‌లో వొ జర్‌దావ్ అనబోయేసరికి గొంతు దాటలేదు. నాకు నిజంగా తెలుసా అనుకున్నాడు. తలుపు తీసిన టీచరు తైవాన్ మనిషిలాగే, "ఇది నిజమని నీకు తెలుసా?" అని అడిగాడు. చాలాసేపు ఊరుకుని, వొ షియాంగ్‌షిన్, నమ్ముతున్నాను, అన్నాడు. పక్కనున్న ఐడహో కుర్రాడు, ఆరు వారాలుగా స్వరాలు పలకలేనివాడు, తనూ అదే మాట అన్నాడట. స్వరం తప్పే. టీచరు వేషం విడవలేదు. "అయితే కూర్చోండి, కలిసి చదువుదాం" అన్నాడు.

ఆ ఆదివారం మా వాడు బ్రాంచి ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లాడు. శిక్షణలో ఉన్న పిల్లల మంచిచెడ్డలు చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్దలు ఆదివారాలు వస్తారు, వాళ్లకూ జీతం లేదు. ఇంటికి వెళ్లిపోతానని చెప్పాడు. తెలియనిది తెలుసని చెప్పడానికి రెండేళ్లు పరాయి దేశం పోలేనన్నాడు. ఆయన బతిమాలలేదు, వచనాలు చదవలేదు. తన సెల్‌ఫోన్ తీసి చేతిలో పెట్టి, ముందు అమ్మతో మాట్లాడు అన్నాడు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను వాళ్ల పెరట్లోనే ఉన్నాను, నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్లాను. ఆమె రెండు మాటలు విని, ఏమీ అనకుండా ఫోన్ పెద్దకొడుకు చేతికిచ్చింది. అతను ఫోన్ తీసుకుని గ్యారేజీలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పది నిమిషాలుంటుందేమో. బయటికొచ్చి, "వాడు ఈ రాత్రికి ఉంటానన్నాడు" అన్నాడు. అన్న ఏం చెప్పాడో వాళ్లమ్మకు ఈనాటికీ తెలియదు. ఇద్దరినీ వేరువేరుగా అడిగిందట, ఇద్దరూ నవ్వేశారట.

ఆ రాత్రి ఉన్నవాడు మర్నాడూ ఉన్నాడు. తొమ్మిది వారాలయ్యాక తైవాన్ వెళ్లాడు, 2017లో తిరిగొచ్చాడు. తోరణాలు కట్టారు. అవి కట్టడానికి నిచ్చెనెక్కినవాడు అన్న. నిచ్చెన మాదే.

పోల్చకుండా ఉండలేక ఒక్కటి అడుగుతాను, పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి. మన పిల్లలు కూడా పదహారేళ్లకే హాస్టల్ గేటు దాటి, ఫోన్ లేకుండా, తెల్లవారకముందే లేచి చదువుతున్నారు. అక్కడి కట్టుబాట్లన్నీ నాకు నచ్చాయని కాదు. రెండేళ్లు పేపరు చదవొద్దనడం నాకు మింగుడు పడదు. కానీ వెళ్లిపోతానన్న పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టిన మనిషి ఒకడు అక్కడున్నాడు. మన హాస్టళ్లలో ఆ పని ఎవరిది? వార్డెన్‌దా, ప్రిన్సిపాల్‌దా? ఫీజు కట్టేటప్పుడు మనలో ఎంతమందిమి ఆ ప్రశ్న అడిగాం?

కోవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చిలో ఆ ఆవరణంతా ఖాళీ చేసి చదువు ఆన్‌లైన్‌లోకి మార్చారు. ఏడాది పైన అలాగే నడిచింది. ఇప్పుడు కొన్నాళ్లు ఇంటి నుంచి, మిగతాది అక్కడ. మా అబ్బాయి తిరిగొచ్చి యూనివర్సిటీలో చేరాక కొన్నేళ్లు సాయంత్రాలు అక్కడే చైనీస్ చెప్పాడు. తలుపు తీసే తైవాన్ మనిషి వేషం వాడిదే. ఐడహో కుర్రాడు పొలం చూసుకుంటున్నాడు, అప్పుడప్పుడు చైనీస్‌లో ఫోన్ చేస్తాడు, స్వరాలు ఇప్పటికీ తప్పేనట.

కిందటి వేసవిలో మజ్జిగ తాగుతూ అడిగాను, ఇప్పుడేమంటావురా, నమ్ముతున్నానంటావా, తెలుసంటావా అని. కొంచెంసేపు ఆలోచించి, "ఆ రోజును బట్టి" అన్నాడు. గ్లాసు పెట్టి, "మీ సహస్రనామంలో ఇంకా సగమేనా?" అని అడిగాడు. నాలుగు పేర్లు పెరిగాయని చెప్పాను.

భోజనాలకు పిలుస్తున్నారు. ప్రశ్నలుంటే అక్కడ అడగండి.